ఒళ్లు నీది, పట్టా ఎవరిది? సైబర్‌పంక్ సినిమా ఏది, కానిది ఏది

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక బొమ్మ ఊహించుకోండి. రాత్రి. వాన. తడిసిన రోడ్డు మీద గులాబీ, నీలం దీపాల మెరుపులు. పొగలోంచి గొడుగు పట్టుకుని ఎవరో నడిచొస్తున్నారు. వెనక మనకు అర్థంకాని లిపిలో పెద్ద బోర్డు. సినిమా పేరు తెలియకపోయినా ‘ఓ, సైబర్‌పంక్’ అనేస్తాం. ఇవాళ మనం ఆ వాన ఆపేసి, ఆ దీపాలు ఆర్పేసి, ఏం మిగిలిందో చూద్దాం. ఏదైనా మిగిలితే మాట్లాడుకోవడానికి సినిమా ఉన్నట్టు. మిగలకపోతే ఇంతసేపూ లైటింగ్‌ని మెచ్చుకున్నట్టు.

మాట ఎక్కడిదో చూద్దాం. అమెరికా రచయిత బ్రూస్ బెత్కీ 1980లో ఒక చిన్న కథ రాసి దానికి ‘సైబర్‌పంక్’ అని పేరు పెట్టాడు. అచ్చయింది మాత్రం 1983 నవంబరులో, ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికలో. ఆ మరుసటి ఏడాది గార్డ్‌నర్ డోజ్వా అనే సంపాదకుడు ఆ మాటను అప్పుడప్పుడే పైకొస్తున్న కొందరు సైన్స్ ఫిక్షన్ రచయితలకు తగిలించాడు. అదే ఖాయమైపోయింది. ఇందులో ‘సైబర్’ అన్న ముక్క 1948లో నార్బర్ట్ వీనర్ వ్యాప్తిలోకి తెచ్చిన సైబర్నెటిక్స్ అనే నియంత్రణ శాస్త్రం పేరులోంచి తెగిపడింది. దాని గ్రీకు మూలానికి అర్థం పడవలో చుక్కాని పట్టేవాడు. ‘పంక్’ అంటే పోకిరి. చుక్కాని, పోకిరి. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడతాయి.

తమాషా ఏమిటంటే, ఈ ప్రక్రియకు మూలపురుషుడని అందరం చూపించే ‘బ్లేడ్ రన్నర్’ విడుదలైంది 1982 జూన్ 25న. అంటే ఆ పేరు అచ్చులో కనబడటానికి ఏడాది పైచిలుకు ముందే. రిడ్లీ స్కాట్ సైబర్‌పంక్ తీద్దామని కూర్చోలేదు. ఫిలిప్ కె. డిక్ 1968లో రాసిన నవలను పట్టుకుని, పాత డిటెక్టివ్ సినిమాల పద్ధతిలో ఒక భవిష్యత్తు కథ తీశాడు. సినిమా ఆడలేదు. అదే సమయంలో ‘న్యూరోమాన్సర్’ నవల రాస్తున్న విలియం గిబ్సన్ ఈ సినిమాకు వెళ్లి, కాసేపటికే లేచి బయటికొచ్చేశానని తర్వాత చెప్పుకున్నాడు. తన తలలో ఉన్న ఊరు తెర మీద కనబడింది. నవల 1984లో వచ్చాక, ఇతను సినిమా చూసి రాశాడంటారేమోనన్న బెంగ ఆయనది.

ఇప్పుడు ఒక చిక్కు. సైబర్‌పంక్ అంటే ఏమిటని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు: నెట్‌వర్క్ ఉండాలి, హ్యాకర్ ఉండాలి, ఒంట్లో చిప్పులుండాలి. ‘బ్లేడ్ రన్నర్’ ముందు ఈ జాబితా పెట్టండి. నెట్‌వర్క్ లేదు. హ్యాకర్ లేడు. కథానాయకుడు డెకర్డ్ ఒంట్లో ఒక్క చిప్పు కూడా కనబడదు. ఫొటోను పెద్దది చేసి చూసే యంత్రం ఒకటుంది, అది కూడా నోటితో చెబితే టకటకా చప్పుడు చేసుకుంటూ పనిచేసే పెట్టె. మూలపురుషుడే నెగ్గని పరీక్ష పెట్టి మిగతావాళ్లను తప్పించడం న్యాయం కాదు. కాబట్టి జాబితా మార్చాలి.

చాలామంది ఇక్కడ జాబితా వదిలేసి రూపం పట్టుకుంటారు. అదే వాన, అదే నియాన్. సరే, ఆ రూపం ఎలా వచ్చిందో చూడండి. ‘బ్లేడ్ రన్నర్’ వీధులు చాలా భాగం బర్‌బ్యాంక్‌లోని స్టూడియో ఆరుబయటి ఆవరణలో, న్యూయార్క్ వీధి అని ఎప్పుడో కట్టి ఉంచిన సెట్టులో తీశారు. ఎన్నో సినిమాల్లో వాడేసిన సెట్టది. పగటి వెలుతురులో చూపిస్తే పైకప్పుల అంచులు, వీధి ఎక్కడ అయిపోతుందో అన్నీ తెలిసిపోతాయి. అందుకని రాత్రి తీశారు, వాన కురిపించారు, పొగ పెట్టారు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. పాత గోడలకు పైపులు, గొట్టాలు, తీగలు తగిలించి, డిజైనర్ సిడ్ మీడ్ గీసిన బొమ్మల ప్రకారం ఒక వీధి మీద ఇంకో కాలం పేర్చారు.

ఈ మూడింటికీ సాంకేతికంగా లెక్కలున్నాయి. వాన కెమెరాకు కనబడాలంటే చినుకుల వెనకనుంచి లైటు కొట్టాలి. ముందునుంచి కొడితే ఎన్ని ట్యాంకర్ల నీళ్లు పోసినా గాలిలో చినుకు కనిపించదు, నటుడు మాత్రం తడిసి వణుకుతుంటాడు. ఎండిన తారురోడ్డు రాత్రిపూట వెలుతురంతా మింగేస్తుంది, ఫ్రేములో కింది సగం నల్లటి గొయ్యి. అదే తడిపితే ఉన్న నాలుగు దీపాలు ఎనిమిదవుతాయి. పొగ పని కాంతి కిరణాలను కంటికి కనబడేలా చేయడం, దూరంగా ఉన్నదాన్ని ఇంకా దూరం నెట్టడం. కాకపోతే పొగ ఒక్కచోట నిలవదు. ఒక షాటులో పలచగా, దాని పక్క షాటులో చిక్కగా ఉంటే ఎడిటింగ్‌లో రెండూ అతకవు. కాంట్రాస్ట్ ఎగిరెగిరి పడుతుంది.

సినిమా మొదట్లో మంటలు కక్కే గొట్టాల ఊరు కనబడుతుంది కదా, యూనిట్‌లో దానికి ‘హేడిస్’ అని పేరు. అంత పెద్దగా కనబడే ఆ నగరం 18 అడుగుల వెడల్పు, 13 అడుగుల లోతు ఉన్న చిన్న నమూనా. ముందు వరసలో బొమ్మ కట్టడాలు, వెనక్కి పోయేకొద్దీ ఇత్తడి రేకుల్ని ఆమ్లంతో చెక్కి చేసిన ఛాయారూపాలు, చిన్నవై చిన్నవై పోతూ. దాన్ని కూడా పొగ నింపిన గదిలోనే పెట్టి, కంప్యూటర్ నడిపే కెమెరాతో ఒకే దారిలో మళ్లీ మళ్లీ తిప్పుతూ తీశారు. స్పెషల్ ఎఫెక్ట్స్ చూసిన డగ్లస్ ట్రంబుల్ బృందం ఆ షాట్లకు 65 మిల్లీమీటర్ల ఫిల్మ్ వాడటానికి కారణం కూడా సరళమే. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ ముద్రిస్తూ పోతే ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది. పెద్ద ఫిల్మ్‌తో మొదలుపెడితే పోగా మిగిలింది చాలినంత ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రూపం ఒక అవసరంలోంచి పుట్టింది. తర్వాత వచ్చినవాళ్లు అవసరాన్ని వదిలేసి రూపాన్ని తీసుకున్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. ఇప్పుడు ఎల్ఈడీ గొట్టాలు రెండు తెచ్చి, ఒకవైపు నీలం, ఇంకోవైపు గులాబీ పెట్టేస్తే అయిపోయిందనుకుంటున్నారు. డిజిటల్ కెమెరాతో అక్కడే దెబ్బ తగులుతుంది. అది బొమ్మను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానెళ్లుగా నమోదు చేస్తుంది. ముదురు నీలం వెలుగు ఒక్క నీలం ఛానెల్‌నే నింపేస్తుంది. అది పొంగిపోయేసరికి ఎరుపు, ఆకుపచ్చ ఛానెళ్లలో ఏమీ ఉండదు. చర్మం గీతలు, కంటి కింద నీడ, చెంప వంపు అన్నీ పోయి ముఖం రంగు కాగితం అతికించినట్టు చదునవుతుంది. ఎక్స్‌పోజర్ తగ్గించాలి, లేదా ముఖం మీదకు కాస్త తెల్లటి వెలుగు కలపాలి. చాలామంది ఆ రెండూ చేయరు. పైగా నిజమైన నియాన్ వాయువు ఇచ్చేది ఎరుపు కలిసిన నారింజ రంగు ఒక్కటే. మిగతా రంగులు ఆర్గాన్, పాదరసం, గొట్టం లోపల పూసిన పొడి కలిసి ఇచ్చేవి. మనం నియాన్ రంగులని వర్ణించేవాటిలో సగం నియాన్ కానే కాదు. (నవ్వులు)

సరే, దీపాలు ఆర్పేశాం. ఇప్పుడు నేను వాడే కొలత చెబుతాను. ప్రపంచమంతా ఒప్పుకున్న నిర్వచనం కాదిది. కానీ సినిమాలను విడదీయడానికి పనికొస్తుంది.

సినిమాలో ముఖ్యపాత్ర బతుకు ఏదో ఒక యంత్రం మీదో, సమాచారం మీదో ఆధారపడి ఉంటుంది. అది ఒంట్లో ఉండొచ్చు, తలలో ఉండొచ్చు, ఒళ్లే అది కావచ్చు. దాని పట్టా ఎవరి పేరున ఉంది? ఇది మొదటి ప్రశ్న. రెండోది, వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయగలడా, ఇచ్చేస్తే మనిషిలో ఏం మిగులుతుంది? మూడోది, తయారుచేసినవాడు కలలో కూడా అనుకోని పనికి ఆ పాత్ర దాన్ని వాడుకుంటున్నాడా? మొదటి రెండూ చుక్కాని సంగతి. మూడోది పోకిరి సంగతి. ఈ మూడింటికీ సినిమా దగ్గర జవాబులుంటే, అది మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినా సైబర్‌పంకే.

‘రోబోకాప్’ చూడండి. 1987, పాల్ వెర్హోవెన్. వాన లేదు, నియాన్ లేదు. కథ డెట్రాయిట్‌లో జరుగుతుంది, తీసింది ఎక్కువగా డల్లస్‌లో, అద్దాల మేడల మధ్య. రూపం పట్టుకుని చూసేవాళ్లకు ఇది సైబర్‌పంక్‌లా అనిపించదు. కానీ ఒక సన్నివేశం ఉంది. పోలీసు మర్ఫీని ముక్కలు ముక్కలుగా కాల్చేశారు. ఓసీపీ అనే కంపెనీ అతన్ని యంత్రంగా మారుస్తోంది. కెమెరా మర్ఫీ కళ్ల స్థానంలో ఉంది. మనం బల్లమీద పడుకుని పైకి చూస్తున్నాం, బొమ్మ మీద వీడియో గీతలు కదులుతున్నాయి. ఎడమ చెయ్యి కాపాడగలిగామని డాక్టర్లు సంతోషంగా చెబుతారు. కంపెనీ అధికారి మోర్టన్‌కు చిరాకు. ఒళ్లంతా కృత్రిమంగా ఉండాలనుకున్నాం కదా, ఆ చెయ్యి తీసేయండి అంటాడు. అలా చేయొచ్చా అన్న సందేహానికి ఇంకొకడి జవాబు: ఉద్యోగంలో చేరేటప్పుడే కాగితాల మీద సంతకం పెట్టాడు, చట్టం లెక్కలో చచ్చిపోయాడు, మనిష్టం. మొత్తం నిమిషం కూడా పట్టని మాటలు. బాగున్న చెయ్యి పోయింది. పోవడానికి కారణం వైద్యం కాదు, ఒప్పందం.

ఇదే సినిమాలో రోబోకాప్ తలలో నాలుగు ఆదేశాలుంటాయి. మూడు అందరికీ తెలుసు: ప్రజల నమ్మకాన్ని కాపాడు, అమాయకుల్ని కాపాడు, చట్టాన్ని నిలబెట్టు. నాలుగోది రహస్యం. కంపెనీ పెద్ద అధికారిని అరెస్టు చేయబోతే శరీరం దానంతటదే ఆగిపోతుంది. చివర్లో విలన్ డిక్ జోన్స్ కంపెనీ అధిపతినే తుపాకీ గురిపెట్టి పట్టుకున్నాడు. రోబోకాప్ ఎదురుగానే నిలబడ్డాడు, కదల్లేడు. అప్పుడు ముసలాయన జోన్స్‌తో ఒక్క మాట అంటాడు, నిన్ను ఉద్యోగంలోంచి తీసేశానని. అంతే, తాళం ఊడింది, తుపాకీ పేలింది. ధైర్యం, మానవత్వం తిరిగి రావడం, ఇవేవీ తీయలేని ముడి ఒక ఉద్యోగ నియామకం రద్దు కావడంతో వీడింది. హాల్లో చప్పట్లు కొడతారు గానీ నాలుగో ఆదేశం తలలోంచి పోలేదని గమనించండి. జోన్స్ ఆ నిబంధన పరిధిలోంచి బయటికి పోయాడు, అంతే. కంపెనీ అలాగే ఉంది, పట్టా అలాగే ఉంది. సైబర్‌పంక్ ముగింపంటే నాకు ఇది నమూనా.

పట్టా మాట ఇంకా సూటిగా వినబడేది మమోరు ఒషీ తీసిన 1995 యానిమేషన్ ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’లో. కథ 2029లో. సర్కారు కొలువులో ఉన్న మేజర్ కుసనాగి ఒళ్లంతా యంత్రం, మెదడులో కొంత భాగమే తనది. సముద్రంలోకి దిగి పైకి వచ్చి పడవలో కూర్చుని తోటి ఉద్యోగి బాటోతో మాట్లాడుతుంది. ఉద్యోగం వదిలేయడానికి తమకు హక్కుందట. ఈ శరీరాలను, అందులో ఉన్న జ్ఞాపకాలను సర్కారుకు అప్పగిస్తే చాలట. చూశారా, రెండో ప్రశ్నకు సినిమా తన నోటితోనే జవాబు చెప్పేసింది. ఆ తర్వాత ఊరి మీద సుమారు మూడు నిమిషాల దృశ్యాలు, ఒక్క మాట ఉండదు, కెంజీ కవాయ్ సంగీతం మాత్రమే. కాలవలు, బోర్డులు, వాన. మేజర్ పడవలో పోతూ పైకి చూస్తే కిటికీ అద్దం వెనక కూర్చున్న ఒకామెకు అచ్చం తన ముఖమే. అదే మోడల్ శరీరం ఇంకొకరికి కూడా ఉంది. ఇక్కడ వాన అలంకారం కాదు, ముందు పడవలో చెప్పిన మాటకు కొనసాగింపు. వాన పెడితే ఇలా పెట్టాలి.

ఇప్పుడు మళ్లీ ‘బ్లేడ్ రన్నర్’ దగ్గరకు రండి. కొలత పట్టుకుంటే తెలిసేది, ఇందులో సైబర్‌పంక్ పాత్ర డెకర్డ్ కాదు, అతను వేటాడే రాయ్. రాయ్ ఒక రెప్లికెంట్, అంటే అచ్చం మనిషిలా తయారుచేసిన జీవి. రెప్లికెంట్ల ఒళ్లు టైరెల్ కంపెనీ సరుకు. ఆయుష్షు నాలుగేళ్లని తయారీలోనే రాసిపెట్టారు. కళ్లు తయారుచేసే ముసలాయన్ని వెతుక్కుంటూ రాయ్ వెళ్తాడు. నీ కళ్లు నేనే చేశానంటాడు ఆయన. నీ కళ్లతో నేను చూసినవి నువ్వు చూసి ఉంటే ఎంత బాగుండేదో అంటాడు రాయ్. చేసినవాడికీ వాడుకున్నవాడికీ మధ్య గొడవంతా ఆ ఒక్క మాటలో ఉంది.

1982లో హాళ్లలో ఆడిన ముగింపు చాలామందికి తెలియకపోవచ్చు. నిర్మాతల ఒత్తిడితో పెట్టిందది. డెకర్డ్, అతను ప్రేమించిన రెప్లికెంట్ రేచల్ కారులో పచ్చటి కొండల మధ్య పోతుంటారు. ఆ కొండల దృశ్యాలు ‘ది షైనింగ్’ కోసం పైనుంచి తీసి వాడకుండా మిగిలిన ఫిల్మ్. పైన డెకర్డ్ గొంతు: రేచల్ ప్రత్యేకం, ఆమెకు గడువు తేదీ లేదు. ఒక్క వాక్యంతో ఒప్పందం చింపేశారు. పైగా ఊరికి బయట ఒక పచ్చటి చోటుందని చూపించారు. అలాంటి చోటు ఉంటే ఇన్నాళ్లూ వీళ్లు ఈ పొగలో ఎందుకున్నట్టు? 1992లో వచ్చిన డైరెక్టర్స్ కట్‌లో ఆ వ్యాఖ్యానం, ఆ కొండలు రెండూ తీసేశారు. లిఫ్ట్ తలుపు మూసుకోవడంతో సినిమా ఆగిపోతుంది. కాస్త కత్తిరింపు, ప్రక్రియే మారిపోయింది. మొదటి రూపంలో అది భవిష్యత్తులో జరిగే డిటెక్టివ్ కథ. రెండో రూపంలో సైబర్‌పంక్. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఈ కొలతతో కొన్ని అనుకోనివి లోపలికొస్తాయి. డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 1983 నాటి ‘వీడియోడ్రోమ్’ అలాంటిది. కంప్యూటర్ లేదు, ఉన్నదల్లా టీవీ, వీడియో క్యాసెట్లు. కానీ కథానాయకుడి పొట్టలో ఒక చీలిక తెరుచుకుంటుంది, ఒక కంపెనీ మనిషి వచ్చి అందులో క్యాసెట్ దూరుస్తాడు, ఇతను వెళ్లి చెప్పిన పని చేసొస్తాడు. ప్రోగ్రాం ఎక్కించడాన్ని ఇంతకంటే పచ్చిగా ఎవరూ చూపించలేదు. నేను దీన్ని వరసలో ముందే కూర్చోబెడతాను.

అలాగే కొన్ని బయటికి పోతాయి. ‘టెర్మినేటర్’, 1984. అందులో నైట్‌క్లబ్ పేరు టెక్ నోయర్. ఆ పేరే తర్వాత ఒక ఉపప్రక్రియకు పేరైంది. కానీ అక్కడ యంత్రం బయటినుంచి వచ్చే శత్రువు, తరుముతుంది, మనం పరిగెడతాం. దయ్యం సినిమా నిర్మాణం. గొప్ప సినిమా, కాకపోతే వేరే బీరువాలో పెట్టాలి. ‘ట్రాన్’, 1982, కంప్యూటర్ లోపలికే తీసుకెళ్తుంది. కంపెనీ కథానాయకుడి గేములు దొంగిలించడం కూడా ఉంది. కానీ చివరికి ఇతనే ఆ కంపెనీకి అధిపతై హెలికాప్టర్ దిగుతాడు. పోకిరి సీఈవో అయ్యాక ఇంకేముంది! 1995 నాటి ‘హ్యాకర్స్’లో పోకిరితనం పుష్కలం, తాకట్టు లేదు. పిల్లల కంప్యూటర్లు పిల్లలవే.

‘మ్యాట్రిక్స్’ సంగతి చెప్పకపోతే మీరు నన్ను పోనివ్వరు. 1999. ఆ సినిమా మొదటి సగం నిక్కమైన సైబర్‌పంక్. కథానాయకుడు నియోకు పగలు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆలస్యంగా వచ్చినందుకు చివాట్లు, రాత్రి గదిలో పుస్తకం లోపల తొలిచిన గూట్లోంచి దొంగ డిస్కులు తీసి అమ్మడం. ఒళ్లు యంత్రాలకు బ్యాటరీ. పట్టా ప్రశ్నకు ఇంత కరకు జవాబు ఇంకెక్కడా లేదు. అయితే కథ నడిచేకొద్దీ ఇతనే అవతార పురుషుడని తేలుతుంది. జోస్యం, నమ్మకం, పునర్జన్మ. అక్కడ పోకిరి పోయి దేవుడొచ్చాడు. సినిమా పడిపోలేదు, దారి మార్చుకుంది. బులెట్ టైం కోసం, అంటే కాలం ఆగినట్టుండగా కెమెరా మనిషి చుట్టూ తిరిగే దృశ్యాల కోసం, 120 స్టిల్ కెమెరాలు వరసగా పెట్టారనీ, కిందికి జారే ఆకుపచ్చ అక్షరాలు జపనీస్ వంటల పుస్తకంలోంచి వచ్చాయనీ మీరు వినే ఉంటారు. అవన్నీ నిజమే, కానీ మన ప్రశ్నకు సంబంధం లేనివి.

‘మైనారిటీ రిపోర్ట్’, 2002, గడప మీద నిలబడ్డ సినిమా. హత్య జరగకముందే హంతకుణ్ని పట్టుకునే పోలీసు పథకం కథ. ఊరంతా కంటిపాపను చదివి పేరు పెట్టి పిలిచే ప్రకటనలు. కథానాయకుడు దొంగ డాక్టర్ దగ్గర కళ్లు మార్పించుకుంటాడు. 12 గంటలు కట్టు విప్పకూడదు, విప్పితే చూపు పోతుంది. పాత కళ్లను సంచిలో పెట్టుకుని తిరుగుతాడు, ఎందుకంటే ఆఫీసు తలుపు ఆ కళ్లకే తెరుచుకుంటుంది. అవి చేయి జారి వాలు మీద దొర్లిపోతుంటే వెనకాల పరిగెత్తడం చూశారుగా. ఆ అరగంట కల్తీలేని సైబర్‌పంక్. తర్వాత దుర్మార్గుడు ఒక్కడు దొరుకుతాడు, పథకం మూసేస్తారు, అందరూ క్షేమం. వ్యవస్థ తప్పును ఒక్క మనిషి తప్పుగా తేల్చేస్తే ఆ సినిమా గడప దాటి లోపలికి రాలేదన్నమాట.

ఈ కొలత పనిచేయని చోటు కూడా చెప్పాలి. జపాన్ శాఖ. షిన్యా త్సుకమోటో 1989లో తీసిన ‘టెట్సువో’ 16 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్మ్, 67 నిమిషాలు. ఒక ఆఫీసు ఉద్యోగి ఒంట్లోంచి ఇనుము మొలుచుకొస్తుంది. కంపెనీ లేదు, ఒప్పందం లేదు, అమ్మినవాడు లేడు. పట్టా ఎవరిదని అడిగితే సినిమా అర్థంకానట్టు చూస్తుంది. అయినా దీన్ని సైబర్‌పంక్ కాదనే ధైర్యం నాకు లేదు. కట్సుహిరో ఒటొమో ‘అకీరా’, 1988, కాస్త లొంగుతుంది. అందులో కార్పొరేషన్ స్థానంలో సైన్యం ఉంది. ప్రయోగాలకు వాడిన పిల్లలకు అరచేతిలో అంకె వేసి ఉంటుంది. పేరుకు బదులు అంకె ఉందంటే, అది ఎవరి సరుకో చెప్పడానికే కదా. ఆ సినిమాకు మొత్తం 327 రంగులు వాడారు. వాటిలో 50 ఆ సినిమా కోసమే కలిపినవి. చీకటిని ఒక్క నీలంతో పూసి సరిపెట్టే అలవాటున్న రోజుల్లో ఎరుపు, ఆకుపచ్చ నీడలతో పూశారు. ఈ వేళ గులాబీ, నీలం రెండే పట్టుకున్నవాళ్లు ఆ సినిమాను మళ్లీ చూడాలి.

1995 తలుచుకుంటే ఒక బాధ. ఒకే ఏడాది రెండు సినిమాలు ఈ ప్రశ్నను తలలోకే తీసుకెళ్లాయి. ‘జానీ నిమానిక్’కు గిబ్సనే స్క్రిప్టు రాశాడు. తలను గోదాముగా అద్దెకిచ్చేవాడి కథ. 80 గిగాబైట్ల చోటు, దాన్ని రెట్టింపు చేసే డబ్లర్ పెడితే 160, ఎక్కించుకుంది 320. ఆ చోటు ఖాళీ చేయడానికి తన చిన్ననాటి జ్ఞాపకాలు తీసేయించుకున్నాడు. ఎంత మంచి ఆలోచన! సినిమా మాత్రం విడుదలకు ముందు చేతులు మారి మారి, వెటకారమో సీరియస్సో తేలని ముద్దయింది. 2022లో నలుపు తెలుపులో మళ్లీ వచ్చింది, అది కొంత నయం. రెండోది కాథరిన్ బిగెలో ‘స్ట్రేంజ్ డేస్’. ఒకరి అనుభవాన్ని తలమీద పెట్టుకునే వలతో రికార్డు చేసి ఇంకొకరికి అమ్ముతారు. పోలీసుల కోసం తయారైన పరికరం వీధిలోకి జారి బజారు సరుకైంది. అచ్చంగా మన మూడో ప్రశ్న. చూసేవాడి కంటితో సాగే ఆ దృశ్యాలకు మామూలు 35 మిల్లీమీటర్ల కెమెరా బరువెక్కువ, తల తిప్పినట్టు తిరగదు. అందుకని తేలికపాటి కెమెరా ప్రత్యేకంగా చేయించారు, దానికే ఏడాది పట్టింది. సినిమా ఘోరంగా పోయింది. ఈ ప్రక్రియలో చూడనివాళ్లు ముందుగా చూడాల్సింది అదే.

ఇక మీరు అడగండి.

ప్రశ్న: ‘బ్లేడ్ రన్నర్ 2049’లో సగం సినిమా నారింజ రంగు దుమ్ములో ఉంటుంది కదండీ, మీ లెక్కలో అది ఎటు?

లోపలే. జోయ్‌ని గుర్తుచేసుకోండి. కథానాయకుడు కె కొనుక్కున్న, కాంతితో చేసిన బొమ్మ తోడు ఆమె, వాలెస్ కంపెనీ సరుకు. ఆమె ప్రేమగా అతనికి జో అని పేరు పెడుతుంది. ఆమె నాశనమయ్యాక వంతెన మీద జోయ్ సరుకు తాలూకు పెద్ద ప్రకటన బొమ్మ వంగి అతన్ని పలకరిస్తూ అదే పేరు వాడుతుంది. అంటే ఆ పేరు ఆమె పెట్టిందా, ఫ్యాక్టరీలో పెట్టిందా? సినిమా చెప్పదు. ఆ సన్నివేశంలో నియాన్ ఉంది, కానీ అది ఆ ప్రకటనదే. వెలుగు ఎక్కడినుంచి వస్తోందో దానికి కథలో పని ఉంది.

ప్రశ్న: ‘బ్లేడ్ రన్నర్’ ఏ వెర్షన్ చూడాలి?

2007 ఫైనల్ కట్‌తో మొదలుపెట్టండి. తర్వాత 1982 నాటిది ఒకసారి, చివరి అయిదు నిమిషాల కోసం.

ప్రశ్న: వాన, నియాన్ అసలు లేకుండా మీ మూడు ప్రశ్నలకూ జవాబిచ్చే సినిమా ఒకటి చెప్పండి.

‘స్లీప్ డీలర్’. అలెక్స్ రివేరా, 2008. మెక్సికో. ఎక్కువభాగం ఎండలోనే. ఊరి నీళ్లకు ఒక కంపెనీ ఆనకట్ట కట్టి, మనిషికి ఇన్ని లీటర్లని అమ్ముతుంటుంది. మేమో అనే కుర్రాడు తండ్రి డ్రోన్ దాడిలో పోయాక టిహువానా వెళ్లి చేతుల్లో, వీపులో నోడ్లు, అంటే తీగలు తగిలించే సాకెట్లు, పెట్టించుకుంటాడు. అవి ఉంటేనే పని. హాల్లో వరసగా నిలబడి ఒళ్లంతా తీగలు తగిలించుకుంటారు, ఇక్కడ చెయ్యి కదిపితే సరిహద్దు అవతల అమెరికాలో రోబో బీములు అతుకుతుంది. వాళ్లకు పని కావాలి, పనివాళ్లు అక్కర్లేదు. నోడ్లు ఇతనివే, కానీ తీగ అవతలి కొస వాళ్లది. ఎక్కువసేపు తగిలించుకుంటే చూపు పోతుంది, దానికి ఎవరూ పూచీ ఉండరు. ఇక మూడో ప్రశ్న: చివర్లో, తండ్రిని చంపిన డ్రోన్ పైలటే వచ్చి, అదే తీగలతో కంపెనీ డ్రోన్ నడిపి కంపెనీ ఆనకట్టనే కూలుస్తాడు. నీళ్లు ఊరికి వస్తాయి. మేమో ఇంటికి వెళ్లడు. సరిహద్దు గోడ పక్కన కాస్త నేల చూసుకుని మొక్కజొన్న మడి వేసుకుంటాడు. నోడ్లు ఒంట్లో అలాగే ఉంటాయి.